బీటిల్స్ ‘రివాల్వర్’ ఇవాళ వినాలంటే: ఏ మిక్స్, దేని మీద?

1966 ఆగస్టు 5న బ్రిటన్‌లో పార్లోఫోన్ లేబుల్ మీద ఇంగ్లీషు రాక్ బ్యాండ్ బీటిల్స్ ఆల్బమ్ ‘రివాల్వర్’ వచ్చింది. 14 పాటలు, దాదాపు 35 నిమిషాలు. ఇవాళ ఆ పేరు పాటల యాప్‌లో కొడితే కనీసం రెండు రివాల్వర్‌లు ఎదురొస్తాయి. పాత రికార్డులు అమ్మేచోట అడిగితే ఇంకో రెండు మూడు బయటికి తీస్తారు. పాటలు అవే, పాడిన గొంతులూ అవే, కానీ ఒకటి విన్నవాళ్లకి డ్రమ్స్ ఎడమ చెవిలో మోగుతాయి, ఇంకోటి విన్నవాళ్లకి నుదుటి మధ్యలో మోగుతాయి. ‘ఏముంది ఇందులో, ఇంత పొగుడుతారు’ అని పక్కన పెట్టేసినవాళ్లలో చాలామంది, తమ దగ్గరున్న పరికరానికి సరిపడని మిక్స్ విన్నవాళ్లే.

కొనే ముందు ‘మిక్స్’, ‘రీమాస్టర్’ అనే రెండు మాటలు విడదీసుకోవాలి. స్టూడియోలో విడివిడిగా పట్టిన గొంతు, డ్రమ్స్, గిటార్‌లని ఏది ఎంత గట్టిగా, ఏ పక్కన వినిపించాలో తేల్చి కలిపేది మిక్స్. అంటే వంట. అలా తయారైన టేపుని శుభ్రం చేసి, హెచ్చుతగ్గులు సర్ది, సిడికో రికార్డుకో ఎక్కించేది రీమాస్టర్. అది వడ్డన. వడ్డన ఎంత బాగున్నా కూరలో ఉప్పు మారదు. అందుకే ‘2009 రీమాస్టర్’ అని రాసి ఉన్నంత మాత్రాన డ్రమ్స్ ఎడమ పక్క నుంచి కదలవు. వాటిని కదిలించాలంటే మళ్లీ మిక్స్ చేయాలి. ఆ పని 2022లో జరిగింది.

కాబట్టి ఎంపిక నిజానికి మూడింటి మధ్య: 1966 మోనో మిక్స్ (అంతా ఒక్కచోటి నుంచే వినిపించేది), 1966 స్టీరియో మిక్స్ (ఎడమకి, కుడికి వేర్వేరుగా పంచింది), 2022 కొత్త స్టీరియో మిక్స్. సిడి, రికార్డు, స్ట్రీమింగ్ అనేది తర్వాతి మాట.

అసలు 1966 స్టీరియో అలా ఎందుకు ఉంటుంది?

లండన్ ఆబీ రోడ్డులోని ఇఎంఐ రికార్డు కంపెనీ స్టూడియోలో అప్పటికి ఉన్నది నాలుగు ట్రాకుల టేపు మెషిన్. నాలుగే గదులున్న ఇంట్లోకి పెళ్లివారంతా దిగినట్టు, డ్రమ్స్, బేస్, గిటార్ కలిసి ఒకే ట్రాకులో సర్దుకోవాల్సి వచ్చేది. మిగతావి నిండిపోతే రెండు మూడు ట్రాకుల్ని కలిపి ఒకదాంట్లోకి ఎక్కించి, ఖాళీ చేసుకుని, దాని మీద ఇంకో గొంతు పాడేవాళ్లు. ఒకసారి కలిసిపోయినవి మళ్లీ విడిపోవు. స్టీరియో చేసే రోజున ఇంజనీర్ చేతిలో ఉన్నది నాలుగు ముద్దలు. ఒక్కో ముద్దని ఎడమకో, కుడికో, మధ్యకో పెట్టడమే ఆయన చేయగలిగింది.

‘టాక్స్‌మన్’ వినండి. డ్రమ్స్, బేస్, రిథమ్ గిటార్ మొత్తం ఎడమ పక్కన. గొంతులు మధ్యలో. కౌబెల్, టాంబరిన్, గిటార్ సోలో కుడి పక్కన. ఒక జత ఇయర్‌ఫోన్స్‌ని ఇద్దరు పంచుకుని వింటే ఒకరికి పాట నడక అంతా దొరుకుతుంది, రెండో వాళ్లకి గొంతు, గంట మిగులుతాయి. స్పీకర్ల మీద వింటే ఇది ఇంత ఇబ్బంది పెట్టదు, ఎందుకంటే ఎడమ స్పీకర్ శబ్దం గదిలో తిరిగి కుడి చెవికి కూడా చేరుతుంది. హెడ్‌ఫోన్స్‌లో ఆ కలయిక ఉండదు. ఒక చెవి మీద బరువంతా వేసినట్టు ఉండి, నాలుగైదు పాటలకే అలసట వస్తుంది.

‘ఎలినార్ రిగ్బీ’లో ఇంకో విచిత్రం. 4 వయొలిన్లు, 2 వయోలాలు, 2 చెల్లోలు మధ్యలో ఒకే గుంపుగా ఉంటాయి. పల్లవిలో గొంతు రెండు పక్కలా ఉంటుంది, చరణంలో కుడి పక్కకి పోతుంది. మొదటి చరణంలో ‘ఎలినార్’ అనే మాట మొదలయ్యేసరికి గొంతు ఇంకా రెండు పక్కలా ఉండి, మాట సగంలో ఉండగానే కుడికి జారిపోతుంది. ఒకే గొంతుని రెండుగా వినిపించే ఎడిటి అనే పద్ధతిని స్టూడియో ఇంజనీర్ కెన్ టౌన్సెండ్ ఆ ఏడాదే తయారు చేశాడు. చరణం మొదలయ్యేసరికి దాన్ని ఆపడం ఒక క్షణం ఆలస్యమైంది, అంతే. ఒకసారి పట్టుకున్నాక ప్రతిసారీ వినిపిస్తుంది, కాబట్టి ఇది చదివినందుకు మమ్మల్ని తిట్టుకున్నా తప్పులేదు.

మోనో ఎవరికి?

1966లో బ్రిటన్‌లో ఎక్కువ ఇళ్లలో ఉన్నది ఒక్క స్పీకరు ప్లేయరే. అందుకని నిర్మాత జార్జ్ మార్టిన్, 20 ఏళ్ల ఇంజనీర్ జెఫ్ ఎమెరిక్, బ్యాండ్ శ్రద్ధంతా మోనో మీద పెట్టారు. మనకి ఇది కొత్తేమీ కాదు. 1960లలో ఘంటసాల, సుశీల సినిమా పాటలు మనకి చేరింది మోనోలోనే, రేడియోలో విన్నదీ మోనోయే. ఎడమా కుడీ లేకుండా ఒక్కచోటి నుంచి వచ్చే పాటలో గొంతు ముందు, వాద్యం వెనక అనే లోతు ఎలా ఉంటుందో తెలుగు చెవికి బాగానే అలవాటు.

రివాల్వర్ మోనోలో డ్రమ్స్, బేస్ ఒకేచోట తగులుతాయి, దెబ్బ గట్టిగా ఉంటుంది. అంతేకాదు, ఇది స్టీరియోని నొక్కి చేసింది కాదు, విడిగా చేసిన వంట. ‘గాట్ టు గెట్ యు ఇన్‌టు మై లైఫ్’లో ట్రంపెట్లు, సాక్సఫోన్లు మోనోలో ఎక్కువ కోస్తాయి, చివర పాట తగ్గిపోవడం కూడా కొన్ని క్షణాలు ఎక్కువ సాగుతుంది, స్టీరియోలో లేని అరుపులు దొరుకుతాయి. ‘లవ్ యు టూ’ చివర కూడా మోనోలోనే పొడుగు. ‘ఐయామ్ ఓన్లీ స్లీపింగ్’లో వెనక్కి తిప్పి ఎక్కించిన గిటార్ ముక్కలు మోనోలో ఒకచోట, స్టీరియోలో ఇంకోచోట వస్తాయి.

మోనోకి బలహీనత హెడ్‌ఫోన్స్. పాటంతా తల మధ్యలో ఒక గోలీలా కూర్చుంటుంది. కొందరికి అది ఇష్టమే, మొదటిసారి వినేవాళ్లలో చాలామందికి ఇరుగ్గా ఉంటుంది. మోనోని ఒక్క మంచి స్పీకర్ మీద వినండి. రెండు స్పీకర్లుంటే ఆంప్లిఫైయర్‌లో బ్యాలెన్స్ మొత్తం ఒక పక్కకి తిప్పేయండి. రెండు ఛానళ్లూ ఒకటే కాబట్టి ఏమీ పోదు, పైగా రెండు స్పీకర్లకి సరిగ్గా మధ్యలో కూర్చోవాల్సిన బాధ తప్పుతుంది.

2022 మిక్స్

జార్జ్ మార్టిన్ కొడుకు గైల్స్ మార్టిన్, ఇంజనీర్ శామ్ ఓకెల్ చేశారు. 2022 అక్టోబర్ 28న వచ్చింది. ఒకే ట్రాకులో ముద్దగా ఉన్న డ్రమ్స్, బేస్, గిటార్‌ని కంప్యూటర్‌కి నేర్పించి విడదీసే పద్ధతిని సినిమా దర్శకుడు పీటర్ జాక్సన్ బృందం తయారు చేసింది. దాన్ని ఈ టేపుల మీద వాడారు. ఫలితం ‘టాక్స్‌మన్’ మొదటి పది సెకన్లలోనే తెలుస్తుంది: డ్రమ్స్, బేస్ మధ్యకి వచ్చాయి, గిటార్‌కి దాని చోటు దొరికింది. ‘ఎలినార్ రిగ్బీ’ తీగ వాద్యాలు ఒక గుంపుగా కాకుండా ఎడమ నుంచి కుడి దాకా పరుచుకున్నాయి. హెడ్‌ఫోన్స్ మీద రివాల్వర్ మొత్తం ఒకే ఊపులో హాయిగా వినగలిగే మిక్స్ ఇదే.

లోపం లేకపోలేదు. బేస్ పెద్దదైంది, మొత్తం శబ్దం పాతవాటికన్నా గట్టిగా ఉంది. చవక ఇయర్‌బడ్స్‌లో ఇప్పటికే బేస్ పెంచి ఉంటుంది కాబట్టి ‘రెయిన్’, ‘పేపర్‌బ్యాక్ రైటర్’ లాంటి వాటిలో (ఆల్బమ్‌తో పాటు అదే సమయంలో పట్టిన సింగిల్, పెద్ద సెట్‌లో ఉంటుంది) గొంతు కింద దుప్పటి పరిచినట్టు అవుతుంది. ఈక్వలైజర్‌లో బేస్ బూస్ట్ ఆపేస్తే చాలావరకు సర్దుకుంటుంది. 1966లో వినిపించిన గరుకుతనం కావాలనుకునేవాళ్లకి ఇది కాస్త నున్నగా అనిపించొచ్చు. వాళ్లకి మోనో ఉంది.

శబ్దాన్ని చుట్టూ, పైనుంచి కూడా వినిపించే డాల్బీ ఆట్మాస్ మిక్స్ కూడా ఉంది. గదిలో పైనా పక్కలా స్పీకర్లు బిగించుకున్నవాళ్లకి ‘టుమారో నెవర్ నోస్’ ఒక్కటి చాలు: అందులో టేపు ముక్కల్ని ఉంగరాల్లా అతికించి తిప్పిన శబ్దాలు ఉన్నాయి, పక్షుల అరుపులా వినిపించేది బ్యాండ్‌లోని మెక్‌కార్ట్‌నీ నవ్వుని వేగం పెంచి చేసింది. అవి చుట్టూ తిరగడానికే పుట్టినట్టు ఉంటాయి. మామూలు ఇయర్‌బడ్స్ మీద మాత్రం ఆట్మాస్‌లో గొంతు ఒకడుగు వెనక్కి పోతుంది. ఆపిల్ మ్యూజిక్‌లో మీరు అడగకుండానే ఆట్మాస్ మోగే అవకాశం ఉంది కాబట్టి, సెట్టింగ్స్‌లో మ్యూజిక్‌లోకి వెళ్లి డాల్బీ ఆట్మాస్‌ని ‘ఆఫ్’ చేసి ఒకసారి పోల్చి చూడండి.

మరి 1966 స్టీరియో ఎవరూ వినక్కర్లేదా? స్పీకర్ల మీద వినేవాళ్లకి ఇప్పటికీ బాగుంటుంది. పైగా ఇన్నేళ్లుగా ప్రపంచం ఎక్కువగా విన్నది అదే: 1987 ఏప్రిల్ 30న మొదటి సిడిగా వచ్చింది ఆ మిక్సే, 2009 సెప్టెంబర్ 9న రీమాస్టర్ అయిందీ అదే. 1987 సిడి వాడినది దొరికితే, స్పీకర్లు ఉంటే, తక్కువ ఖర్చులో పని జరుగుతుంది. శబ్దం కొంచెం పల్చగా ఉంటుంది. అదే మిక్స్‌కి 2009 సిడి మెరుగు. ఇంట్లో 1987ది ఉండగా 2009ది కొనడం కన్నా, ఆ డబ్బుతో మోనో వెతకడం మేలు.

అమెరికాలో కాపిటల్ కంపెనీ వేసిన రివాల్వర్ జోలికి మొదటిసారి వెళ్లొద్దు. అందులో 11 పాటలే. ‘ఐయామ్ ఓన్లీ స్లీపింగ్’, ‘అండ్ యువర్ బర్డ్ కెన్ సింగ్’, ‘డాక్టర్ రాబర్ట్’ అక్కడ ముందే ఇంకో ఆల్బమ్‌లో వాడేశారు. మూడూ బ్యాండ్‌లోని లెనన్ పాడినవే, దాంతో ఆల్బమ్‌లో ఆయన ముందుండి పాడినవి రెండే మిగిలాయి. అమెరికాలో ఉన్న బంధువుల చేత పాత రికార్డు తెప్పించుకునేవాళ్లు వెనక అట్ట మీద పాటలు లెక్కపెట్టించండి.

యాప్‌లో ఏది ఏదో గుర్తుపట్టడం

పాట పేరు పక్కన ‘రీమాస్టర్డ్ 2009’ అని ఉంటే 1966 స్టీరియో. ‘2022 మిక్స్’ అని ఉంటే కొత్తది. మోనో కావాలంటే ‘సూపర్ డీలక్స్’ ఎడిషన్ తెరిచి కిందికి దిగాలి. అక్కడ 14 పాటలూ ‘మోనో’ అని మళ్లీ వస్తాయి. వాటినొక ప్లేలిస్టులో పెట్టుకోండి, లేకపోతే ప్రతిసారీ 63 ట్రాకుల్లో వెతుక్కోవాలి.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద ‘మోనో ఆడియో’ అనే మీట ఉంటుంది. దాన్ని నొక్కి ‘మోనో రివాల్వర్ వింటున్నా’ అనుకుంటారు. అది స్టీరియో మిక్స్‌ని రెండు పక్కలూ కలిపి ఇస్తుంది, అంతే. కలిపినప్పుడు మధ్యలో ఉన్న గొంతులు పక్కల వాద్యాలకన్నా పైకి లేస్తాయి, 1966లో కుదిర్చిన తూకం ఉండదు. యూట్యూబ్‌లో అభిమానులు పెట్టే ‘మోనో’లలో కూడా ఇలాంటివి తగులుతాయి. పరీక్ష సులువు: ‘ఎల్లో సబ్‌మరీన్’ మొదటి మాటతో పాటే గిటార్ మీటు వినిపిస్తే అసలు మోనో. మొదటి మాటలు గొంతుతోనే వచ్చి, గిటార్ ఒక అడుగు ఆలస్యంగా కలిస్తే అది 1966 స్టీరియోని కలిపి చేసింది.

వినే ముందు మూడు మీటలు చూసుకోండి. షఫుల్ ఆపాలి. క్రాస్‌ఫేడ్ ఆపాలి, లేకపోతే మోనోలో పొడుగ్గా సాగే పాటల చివరలు తర్వాతి పాట కింద నలిగిపోతాయి. ఇయర్‌బడ్స్ కంపెనీ యాప్‌లో ‘3డి’, ‘స్పేషియల్’ లాంటివి ఆపాలి. 1966 స్టీరియోనే హెడ్‌ఫోన్స్‌లో వినాలని పట్టుదల ఉంటే, కంప్యూటర్‌లో ‘క్రాస్‌ఫీడ్’ ఉన్న ప్లేయర్ వాడండి. ఎడమ శబ్దాన్ని కొంచెం కుడికి, కుడిది ఎడమకి పంపి గదిలో విన్నట్టు చేస్తుంది.

పావుగంటలో తేల్చుకోవడానికి

‘టాక్స్‌మన్’, ‘ఎలినార్ రిగ్బీ’, ‘గాట్ టు గెట్ యు ఇన్‌టు మై లైఫ్’. ఈ మూడింటినీ మూడు మిక్సుల్లో ఒక్కోటి నిమిషంన్నర చొప్పున, మీరు రోజూ వాడే పరికరం మీదే వినండి. మిక్స్ మారినప్పుడల్లా గొంతు ఒకే గట్టితనంతో వినిపించేలా వాల్యూమ్ సర్దండి. 2022ది సహజంగానే గట్టిగా వస్తుంది, గట్టిగా వచ్చింది బాగున్నట్టు చెవి మోసపోతుంది. సర్దకుండా పోల్చినవాళ్లంతా 2022కే ఓటేస్తారు.

ఫలితం సాధారణంగా ఇలా వస్తుంది. బస్సులోనో మెట్రోలోనో ఇయర్‌బడ్స్ పెట్టుకుని వినేవాళ్లకి 2022. ఒకే బ్లూటూత్ స్పీకర్ వంటింటి గట్టు మీద పెట్టి వినేవాళ్లకి మోనో, ఇందులో సందేహం అక్కర్లేదు. ఆ డబ్బాలో ఎడమా కుడీ ఉన్నా వాటి మధ్య దూరం జానెడే. కారులో 2022, ఎందుకంటే డ్రైవర్ ఎప్పుడూ ఒక పక్క స్పీకర్‌కి దగ్గరగా ఉంటాడు, 1966 స్టీరియోలో ఆయనకి వాద్యమో గొంతో ఏదో ఒకటే ఎక్కువ దక్కుతుంది. ఇంట్లో రెండు స్పీకర్లు ఆరడుగుల ఎడంతో ఉండి, మీరు వాటికి అంతే దూరంలో కూర్చోగలిగితే మూడూ బాగుంటాయి.

కొనేవాళ్లకి

ఒక్కటే కొనాలంటే 2022 సూపర్ డీలక్స్ 5 సిడిల సెట్. కొత్త మిక్స్, మోనో రెండూ అందులోనే ఉన్నాయి, పైగా రెండు డిస్కుల నిండా రిహార్సల్ టేకులు. 2 సిడిల చిన్న సెట్ చూసి ‘ఇందులోనూ మోనో ఉంటుందిలే’ అనుకోవద్దు, ఉండదు. 2009 మోనో సిడి విడిగా అమ్మలేదు, బీటిల్స్ మోనో సిడిలన్నీ కలిపిన పెట్టెలో భాగంగానే వచ్చింది.

రికార్డు ప్లేయర్ ఉన్నవాళ్లకి 2014లో వేసిన మోనో ఎల్పీ అన్నిటికన్నా మంచిది. డిజిటల్ మెట్టు లేకుండా మోనో మాస్టర్ టేపు నుంచి నేరుగా గాడి కోశారు. 2012 స్టీరియో ఎల్పీ, 2022 ఎల్పీ రెండూ డిజిటల్ ఫైళ్ల నుంచి కోసినవి. సిడి ఉన్నవాళ్లు వాటికోసం ఎక్కువ పెట్టడం అనవసరం. 2014ది ఇప్పుడు వాడినవాళ్ల దగ్గరే దొరకాలి.

1966 నాటి అసలు మోనో రికార్డు నంబరు పిఎంసి 7009. అమ్మేవాళ్లు ‘ఫస్ట్ ప్రెస్’ అనగానే నమ్మేయకుండా రెండో వైపు పాటలు అయిపోయాక లేబుల్‌కి ముందు ఉండే నున్నటి పట్టీ మీద చెక్కిన అక్షరాలు చూడండి. ఎక్స్‌ఇఎక్స్ 606-1 అని ఉంటే, ‘టుమారో నెవర్ నోస్’ వేరే మిక్స్ పొరపాటున ఎక్కిన మొదటి కొద్ది కాపీల్లో ఒకటి. దానికి సేకరించేవాళ్లు ఎక్కువ ఇస్తారు. వినడానికి మాత్రం గాడి అరగని -2, -3 కాపీ అరిగిన -1 కన్నా ఎంతో మెరుగు. ఆ రోజుల్లో ముల్లు మోసే చెయ్యి బరువైన ప్లేయర్ల మీద తిరిగిన రికార్డులు పైకి మెరుస్తూనే ఉంటాయి, గట్టి గొంతు వచ్చినప్పుడు బరబరమంటాయి. ‘షీ సెడ్ షీ సెడ్’, ‘టుమారో నెవర్ నోస్’ రెండూ వేయించుకుని వినండి. రెండూ ఒక్కో వైపు ఆఖరి పాటలు. రికార్డు లోపలికి వెళ్లేకొద్దీ ముల్లు కింద గాడి కదిలే వేగం సగానికి దగ్గరగా పడిపోతుంది, అరుగుదల ముందు అక్కడే బయటపడుతుంది. కోల్‌కతా డమ్‌డమ్ ఫ్యాక్టరీలో అచ్చయిన బీటిల్స్ రికార్డులకీ ఇదే పరీక్ష.

సూట్‌కేసులా మూసే చవక ప్లేయర్లలో ముల్లు నాలుగైదు గ్రాముల బరువుతో నొక్కుతుంది. మంచి మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్‌కి (ముల్లు బిగించి ఉండే భాగం) 2 గ్రాములు చాలు. 1966 రికార్డుని మొదటిదాని మీద వేయొద్దు. స్టీరియో కార్ట్రిడ్జ్‌తో మోనో రికార్డు వినొచ్చు, ఆంప్లిఫైయర్‌లో మోనో స్విచ్ ఉంటే నొక్కండి, గరగర చాలావరకు తగ్గుతుంది. విజయవాడ ఎండల్లో రికార్డుని బీరువా మీద పడుకోబెడితే జూన్‌కల్లా అప్పడంలా వంగుతుంది. నిలబెట్టి, ఎండ తగలని గోడ పక్కన ఉంచాలి.

వినే వరుస గురించి ఒక్క మాట. నాలుగో పాట ‘లవ్ యు టూ’ని కొత్తగా వినేవాళ్లు దాటేస్తుంటారు. మనవాళ్లు దాటేయాల్సిన పని లేదు: తాళం లేకుండా సితార్ తీగల మీద ఆలాపన, ఆ తర్వాత తబలా అందుకోవడం మనకి తెలిసిన నడకే. తబలా వాయించిన అనిల్ భాగవత్ పేరు 1966 అట్ట మీదే వేశారు. ఆ తబలా తోలు బిగువు మోనోలో స్పష్టంగా తెలుస్తుంది.

రిహార్సల్ డిస్కుల్ని ఆల్బమ్ రెండు మూడుసార్లు విన్నాకే తెరవండి. ముందే వింటే ఏది మారిందో తెలియదు. అప్పుడు మొదట ‘రెయిన్’ అసలు వేగంతో వాయించిన టేకు పెట్టండి. బయటికొచ్చిన పాటలో టేపుని నెమ్మది చేయడం వల్ల డ్రమ్స్ బరువుగా, బురదలో నడిచినట్టు ఉంటాయి; ఇక్కడ డ్రమ్మర్ రింగో చేతులు ఎంత వేగంగా కదిలాయో వినిపిస్తుంది.